నల్లా పక్కన రెండు తీగలు

మీటరు, నల్లా, ఫ్లష్, ట్యాంకు... అన్నిటికీ సెన్సర్లు వచ్చేశాయి. ఏ ఇంట్లో ఎన్ని నీళ్లు వాడారో, ఎక్కడ కారుతున్నాయో ఫోన్‌లోనే చూసుకోవచ్చంటున్నారు. మరి ఆ కబురు బాత్రూమ్ వెనక డక్టులోంచి ఫోన్ దాకా చేరేదెలా? నీటి లెక్కకు అసలు చిక్కు సెన్సరుతో కాదు, తీగతోనే వస్తోంది. ఆ చిక్కు విప్పే దారి మనం అనుకున్నంత కష్టం కాదు, అంత ఖరీదూ కాదు.

సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి వైపు నుంచి బౌద్ధనగర్ గల్లీల్లోకి దిగితే ఇల్లు ఇంటిని ఆనుకునే కనిపిస్తుంది. చిన్న జాగాలో మూడంతస్తులు, అంతస్తుకు రెండు పోర్షన్లు, గేటుకు టు-లెట్ బోర్డు. ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక దగ్గరే కాబట్టి అద్దెకుండేవాళ్లలో చదువుకునే పిల్లలు, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవాళ్లు చాలామంది. ఏ డాబా ఎక్కి చూసినా నల్ల ట్యాంకులే. ట్యాంకు మూత సందులోంచి ఒక తీగ బయటికొస్తుంది. పిట్టగోడ దాటి, సజ్జా అంచున మేకుకు ఒక చుట్టు చుట్టుకుని, గోడ వెంట కింద మోటారు స్టార్టరు దాకా వేలాడుతుంది. ఎండకు దాని తొడుగు పగిలి లోపలి రాగి కనిపిస్తుంటుంది. అతుకు దగ్గర చుట్టిన ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి ఊడి వస్తుంటుంది.

ట్యాంకులో నీటి మట్టం చెప్పాల్సిన తీగ అది. మొదటి వానకే మొరాయిస్తుంది. ఇక అక్కణ్నుంచి పాత పద్ధతే. ట్యాంకు పొర్లి గోడ వెంట నీళ్లు కారితే ఎవరో కిందికి కేకేస్తారు, మోటారు ఆగుతుంది.

సంపు, మోటారు, ట్యాంకు

హైదరాబాద్‌లో నీళ్ల కథ ఒకప్పుడు ఇంత చిక్కుగా లేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరు పెరిగేకొద్దీ దూరం పోక తప్పలేదు. మంజీరా, సింగూరు, ఆ తర్వాత నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసుకుంటూ తెచ్చే నీళ్లు ఇరవై నాలుగు గంటలూ నల్లాలో పారవు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, లైన్‌మన్ వాల్వు తిప్పిన వేళకే వస్తాయి.

అందుకే వచ్చిన నీళ్లను ముందు సంపులో పట్టాలి. మోటారుతో పైకి ఎక్కించాలి. ట్యాంకులోంచి గదిగదికీ దింపాలి. నల్లా నీళ్లు చాలకపోతే బోరు. ఊరు గ్రానైటు రాతి మీద ఉంది. పైన మెత్తబడిన పొరలోనూ, లోతున రాతి చీలికల్లోనూ తప్ప ఈ నేలలో నీళ్లు నిలవవు. ఇలాంటి రాతినేలల భూగర్భ జలాలను పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ తార్నాక దాటగానే ఉప్పల్ రోడ్డులోనే ఉంది. వేసవిలో బోరు ఎండిపోతే మిగిలేది ట్యాంకరు.

అపార్ట్‌మెంటుల్లో ఇన్నిటినీ కనిపెట్టి చూసేది వాచ్‌మన్ కుటుంబం. తెల్లారుజామున లేచి సంపు మూత ఎత్తి చూడటం, మోటారు వేయడం, ఐదంతస్తులెక్కి ట్యాంకులోకి తొంగిచూడటం, దిగొచ్చి మోటారు ఆపడం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇది రోజూ ఉండే పని. ట్యాంకులో మట్టం కిందికి తెలిపే ఒక్క తీగ నమ్మకంగా పనిచేస్తే ఈ ఎక్కడం దిగడం ఉండదు. స్మార్ట్ వాటర్ అంటూ పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లు మొదట మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

ఒక్క మీటరు, పది వాదనలు

2021 జనవరిలో మొదలైన పథకం కింద నగర నీటి సరఫరా సంస్థ జలమండలి గృహ కనెక్షన్‌కు నెలకు 20 కిలోలీటర్లు, అంటే 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చింది. అపార్ట్‌మెంటుల్లో ఫ్లాటుకు ఇంత చొప్పున లెక్కగట్టింది. బస్తీలను మినహాయించి మిగతావాళ్లకు మీటరు తప్పనిసరి అంది. అప్పటిదాకా మీటరు మొహం చూడని ఇళ్లలో కూడా దానితో పని పడింది.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. ఆ లెక్కన ఐదుగురున్న ఇంటికి నెలకు 20,250 లీటర్లు కావాలి. అంటే ఉచిత కోటా ఒక నడిమి కుటుంబానికి దాదాపు సరిపోతుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు అరిగి నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున కారుతోందనుకుందాం. చప్పుడు వినిపించదు, నేల తడవదు. కానీ రోజుకు 144 లీటర్లు, నెలకు 4,320 లీటర్లు పోతాయి. కోటాలో ఐదో వంతుకు పైగా ఎవరూ వాడకుండానే డ్రైనేజీలో కలిసిపోతుంది.

ఇది ఏ ఇంట్లో జరుగుతోందో చెప్పే సాధనం అపార్ట్‌మెంటులో లేదు. గేటు దగ్గర జలమండలి మీటరు ఒకటే. పది ఫ్లాట్లకూ కలిపి ఒకే అంకె. ఇక అసోసియేషన్ మీటింగులో ప్రతి వేసవీ ఒకటే పాట. "మేమిద్దరమే ఉంటాం, ఆరుగురున్న ఇంటితో సమానంగా ఎందుకు కట్టాలండీ?" అని ఒకరు. "మీరు రోజూ కారు కడిగిస్తారు కదా సార్" అని ఇంకొకరు. ఎవరి మాటకూ రుజువు లేదు. చివరికి ట్యాంకరు ఖర్చును పదితో భాగించి అందరూ గొణుక్కుంటూ కడతారు.

"ఫ్లాటుకో మీటరు పెట్టేస్తే పోలా?" అంటారు. పెట్టొచ్చు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఫ్లాటు ఒకటే, నీటి దారులు నాలుగు

కరెంటు ఫ్లాటులోకి ఒక్క దారిన వస్తుంది. నీళ్లు అలా రావు. మన అపార్ట్‌మెంటుల్లో చాలావాటికి డాబా మీది ట్యాంకు నుంచి బాత్రూముల వెనక డక్టులో పైపులు నిలువుగా దిగుతాయి. ఒక పైపు అయిదంతస్తుల్లోని ఒకే వరస బాత్రూములకు నీళ్లిస్తుంది. ఇంకొకటి వంటిళ్ల వరసకు, మరొకటి వాష్ ఏరియాలకు. రెండు బాత్రూములు, వంటిల్లు, వాష్ ఏరియా ఉన్న ఫ్లాటులోకి నీళ్లు నాలుగు చోట్ల వస్తాయన్నమాట. కాబట్టి ఫ్లాటుకు నాలుగు మీటర్లు కావాలి.

అయిదంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లున్న చిన్న బిల్డింగునే తీసుకుందాం. పది ఫ్లాట్లు, నలభై మీటర్లు. ప్రతి మీటరుకూ విడిగా ఒక కేబుల్ కింద ప్యానెల్ దాకా లాగాలి. సగటున 25 మీటర్ల పొడవు వేసుకున్నా మొత్తం కిలోమీటరు కేబుల్ అవుతుంది. ఒక్కో కేబుల్లో రెండు తీగలు, ప్యానెల్ దగ్గర 80 కొసలు. వాటిలో ఒకటి ఊడితే ఏది ఎవరిదో చెప్పగలిగేది ఆ రోజు పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఒక్కడే. అతను ఇప్పుడు ఇంకో సైటులో ఉంటాడు.

ఇలాంటి చోట వాడే మీటర్లలో చాలావరకు పల్స్ రకం. లోపల తిరిగే చక్రానికి చిన్న అయస్కాంతం ఉంటుంది. నిర్ణయించినన్ని లీటర్లు పోయినప్పుడల్లా అది దగ్గరికొచ్చి ఒక బుల్లి స్విచ్‌ను మూస్తుంది, దాటిపోగానే స్విచ్ తెరుచుకుంటుంది. ఎన్నిసార్లు మూసుకుందో అవతల ప్యానెల్ లెక్కపెట్టుకోవాలి. అందుకే ఒక తీగలో ఒక మీటరే ఉండాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. తీగ రెండు రోజులు తెగిపోతే ఆ రెండు రోజుల నీళ్లు ప్యానెల్ లెక్కలోకి రావు. మీటరు మొహం మీద ఒక అంకె, బిల్లులో ఇంకో అంకె. మళ్లీ గొడవ.

ఒకే దారి, అన్ని మజిలీలు

దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. ప్రతి మీటరుకూ వేరే తీగ లాగకుండా, అన్ని మీటర్లనూ ఒకే జత తీగలకు తగిలిస్తారు. సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ పోయేవాళ్లందరికీ తలా ఒక ఆటో కట్టకుండా ఒకే సిటీ బస్సు చిలకలగూడ, తార్నాక, హబ్సిగూడల్లో ఆగుతూ పోయినట్టే ఇదీ. ప్రతి మీటరుకూ ఒక నంబరు ఉంటుంది. కింద ప్యానెల్ దగ్గరున్న పెట్టె "పదిహేడో నంబరు, నీ అంకె చెప్పు" అంటుంది. ఆ మీటరు ఒక్కటే జవాబిస్తుంది, మిగిలినవి ఊరుకుంటాయి. మీటరు తన మొత్తం అంకెను తన దగ్గరే దాచుకుంటుంది. తీగ రెండు రోజులు తెగినా, బాగుచేయగానే సరైన అంకె వచ్చేస్తుంది.

ఈ పద్ధతికి యూరప్‌లో స్థిరపడిన ఒక ప్రమాణం ఎం-బస్. జర్మనీలో 1981 నుంచి ఫ్లాట్లలో వేడి ఖర్చును ఎవరి వాడకం బట్టి వాళ్లకు పంచాలన్న నియమం ఉంది. ఒకే బాయిలరు, ఎన్నో ఫ్లాట్లు. మన ట్యాంకు సమస్యే అది, నీళ్లకు బదులు వేడి. పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ హోర్స్ట్ జీగ్లర్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, టెకెమ్ కంపెనీలతో కలిసి ఈ పద్ధతిని రూపొందించారు. తర్వాత అది ఈఎన్ 13757 పేరుతో ప్రమాణమైంది.

దీన్ని తీర్చిదిద్దిన తీరు చూస్తే, ఇరుకు డక్టులో టార్చిలైటు పెదాల మధ్య పట్టుకుని పనిచేసే మనిషిని దృష్టిలో పెట్టుకున్నారనిపిస్తుంది. మాటా, కరెంటూ రెండూ అదే జత తీగల్లో పోతాయి. పెట్టె మాట్లాడేటప్పుడు వోల్టేజీని 36 నుంచి 24కు దించుతూ లేపుతూ మాట్లాడుతుంది. మీటరు జవాబిచ్చేటప్పుడు తాను లాగే కరెంటును పెంచుతూ తగ్గిస్తూ చెబుతుంది. ఏ తీగ ఏ స్క్రూకు బిగించినా పనిచేస్తుంది, తిరగేసి బిగించడం అన్న తప్పే ఉండదు. కొమ్మలు చీల్చుకుంటూ ఎటైనా లాగొచ్చు, చుట్టు తిప్పి మళ్లీ మొదటికి కలపకపోతే చాలు. ఒక లైను మీద 250 దాకా మీటర్లు కూర్చోబెట్టొచ్చు.

కొమ్మలు ఎలా చీల్చినా నడవడానికి కారణం దాని నిదానం. ఫ్యాక్టరీల్లో విరివిగా వాడే ఆర్‌ఎస్-485 తీగ వేగంగా మాట్లాడగలదు, 1,200 మీటర్ల దాకా పోగలదు. కానీ దాన్ని ఒక పరికరం నుంచి ఇంకోదానికి వరసగానే లాగాలి, చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. పొడుగాటి కొమ్మలు చీలిస్తే సంకేతం తగిలి వెనక్కొచ్చి మాట చెడుతుంది. నీళ్ల మీటరుకు అంత తొందరేముంది? 2,400 బాడ్ వేగంలో వంద అక్షరాల జవాబుకు అర సెకను కూడా పట్టదు. నలభై మీటర్లనూ అడిగి రావడానికి అర నిమిషం చాలు. బిల్లు నెలకోసారి, కారుడు కనిపెట్టాలంటే గంటకోసారి. అంతకన్నా వేగం దండగ.

మన బిల్డింగుకు మళ్లీ లెక్కేద్దాం. ఎనిమిది నిలువు వరసలు, ఒక్కోటి 15 మీటర్లు, మొత్తం 120. డాబా మీద వాటిని కలిపే తీగ ఇంకో 60. కిలోమీటరు కేబుల్ పని 180 మీటర్లతో తీరింది. ప్యానెల్ దగ్గర 80 కొసలకు బదులు రెండు.

సున్నా అంటే ఖాళీ కాదు

మీటర్ల సంగతి అలా ఉంచి, బౌద్ధనగర్ డాబాల మీద వేలాడే తీగ దగ్గరికి వద్దాం. ట్యాంకు మట్టానికి మన దగ్గర ఎక్కువగా వాడేవి రెండు. ఫ్లోట్ స్విచ్ ఒకటి, స్టీలు కడ్డీలు వేలాడదీసే కంట్రోలర్ ఇంకొకటి. బోరు నీళ్లలోని సున్నం కడ్డీలకు తెల్లగా పేరుకుంటుంది. అతుకుల్లో పచ్చటి చిలుము పడుతుంది. అలా పూర్తిగా అంటుకోక, పూర్తిగా విడిపోక ఉన్న తీగ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. తీగ తెగితే "ట్యాంకు ఖాళీ" అనుకుని మోటారు తిరుగుతూనే ఉంటుంది.

పరిశ్రమల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఒక ఉపాయం దీన్ని తేలిగ్గా తీర్చేస్తుంది. అది 4-20 మిల్లీయాంపుల పద్ధతి. ట్యాంకు అడుగున ఒక ప్రెషర్ సెన్సరు, దానికి రెండే తీగలు. ఆ తీగల్లోంచే సెన్సరు తన తిండి తాను తీసుకుంటుంది, ఆ తీగల్లో పారే కరెంటుతోనే మట్టం చెబుతుంది. 4 మిల్లీయాంపులంటే ట్యాంకు ఖాళీ. 20 అంటే నిండింది. 12 అంటే సగం. మరి సున్నా అయితే? తీగ తెగింది. ఖాళీ ట్యాంకుకూ తెగిన తీగకూ తేడా పెట్టె వెంటనే పసిగడుతుంది. మోటారు ఆపేసి, బజరు మోగిస్తుంది. తీగ పొడవు పెరిగినా కొలత మారదు, ఎందుకంటే ఒకే దారిలో పారే కరెంటు ఈ కొసన ఎంతో ఆ కొసనా అంతే.

బౌద్ధనగర్‌లోని మూడంతస్తుల ఇంటికి నిజానికి ఇంతకు మించి అక్కర్లేదు. ట్యాంకుకు ఒకటి, సంపుకు ఒకటి, స్టార్టరు దగ్గర ఒక పెట్టె. ఎండకు పగలని తొడుగున్న కేబుల్, అది పోవడానికి గోడకు క్లాంపులతో బిగించిన పైపు, వానాకాలం పిడుగులకు ఒక సర్జ్ ప్రొటెక్టర్. ఫోన్‌లో చూపించడం ఆ తర్వాతి మాట.

కరెంటు తాగేది వాల్వు

మీటర్ల అంకెలు చదవడం వరకు తీగకు భారం లేదు. ఎం-బస్ మీటరు ఒక్కోటి ఒకటిన్నర మిల్లీయాంపులు తీసుకుంటుంది. నలభైకి 60 మిల్లీయాంపులు. ఆటోమేటిక్ నల్లాలు, ఫ్లష్‌లు, నీళ్లు కట్టేసే వాల్వులు వచ్చేసరికి లెక్క మారుతుంది.

ఒక మామూలు సొలినాయిడ్ వాల్వు తెరిచి ఉన్నంతసేపూ 5 వాట్లు తాగుతుందనుకుందాం. 12 వోల్టుల లైనులో అది 0.42 యాంపులు. హాస్టల్లో పొద్దున్నే పది నల్లాలు ఒక్కసారి తెరుచుకుంటే 4.2 యాంపులు. చదరపు మిల్లీమీటరు రాగి తీగ నలభై మీటర్లు పోయిరావడానికి సుమారు 1.44 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. రెండిటినీ గుణిస్తే 6 వోల్టులు. అంటే సగం వోల్టేజీ దారిలోనే పోయింది, చివరి నల్లా తెరుచుకోదు. అదే పని 24 వోల్టులతో చేస్తే కరెంటు సగమై, నష్టం 3 వోల్టులకు దిగుతుంది. చివరి నల్లాకు 21 అందుతాయి.

ఇంకా మేలైన దారి లాచింగ్ వాల్వు. తెరవడానికి ఒక చిటికె కరెంటు, మూయడానికి ఇంకో చిటికె. మధ్యలో గంటసేపు తెరిచి ఉన్నా తీగలో ఏమీ పారదు. దీన్లో ఒక ప్రమాదం ఉంది. తెరిచి ఉండగా కరెంటు పోతే అది తెరిచే ఉంటుంది. అందుకే చివరిసారి మూయడానికి సరిపడా కరెంటును దాచుకునే కెపాసిటరు ప్రతి నల్లాలోనూ ఉండాలి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. "కరెంటు పోతే నీ నల్లా మూసుకుంటుందా, తెరిచి ఉంటుందా?"

తక్కువ వోల్టేజీకి ఇంకో పెద్ద కారణం ప్రాణభయం. వాష్‌బేసిన్ కింద ఒక్కో సెన్సరు నల్లాకు ఒక్కో 230 వోల్టుల ప్లగ్ పెట్టడం మన దగ్గర మామూలే. తడి నేల, తడి చేతులు, తుప్పు పట్టిన సాకెట్. దానికి బదులు పొడిగా ఉన్న చోట ఒకే పవర్ సప్లై పెట్టి, అక్కణ్నుంచి 24 వోల్టుల డీసీ తీగ లాగితే తడి గదుల్లోకి 230 వోల్టులు రానవసరమే లేదు. ఆ సప్లైకి ముందు, కరెంటు లీకైతే వెంటనే కట్టేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

క్యాంపస్ లెక్క వేరు

ఒక ఇంటికి తేలిక అయింది పెద్ద ప్రాంగణంలో తేలిక కాదు. హాస్టళ్లలో వరసగా వాష్‌బేసిన్లు, వరసగా టాయిలెట్లు. వంద సెన్సరు నల్లాలకు నాలుగేసి బ్యాటరీ సెల్స్ అంటే 400 సెల్స్. ఎప్పుడు ఏది అయిపోతుందో తెలియదు. అయిపోయిన నల్లాను ఎవరూ మార్చరు. నెల తిరిగేసరికి దాన్ని పీకి మామూలు నల్లా పెట్టేస్తారు. సెన్సరు నల్లాల మీద మన జనానికి నమ్మకం పోయింది ఇలాంటి చోట్లే.

క్యాంపస్‌లకు ఇంకో సమస్య ఉంది, దాని గురించి మన దగ్గర మాట్లాడేది తక్కువ. సెలవుల్లో హాస్టల్ మూతపడితే పైపుల్లో నీళ్లు వారాల తరబడి కదలవు. గోరువెచ్చగా నిలిచిన నీళ్లలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశం తర్వాత ఎందరో జబ్బుపడితే ఈ బ్యాక్టీరియా సంగతి మొదటిసారి బయటపడింది. నల్లాలన్నీ ఒకే లైను మీద ఉంటే, ఏ నల్లా ఎన్ని రోజులుగా తెరవలేదో పెట్టెకు తెలుస్తుంది. మనుషుల్లేని వేళ వాటిని కాసేపు తెరిచి పాత నీళ్లు వదిలేస్తుంది. ఆసుపత్రుల్లో నెట్‌వర్క్ నల్లాల అసలు ప్రయోజనం ఇదే.

పాత కట్టడాల్లో మాత్రం కొత్త తీగకు దారి దొరకదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ లాంటి రాతి భవనంలో గోడ చెక్కి పైపు దూర్చమని ఎవరూ అనరు. అలాంటిచోట వైర్‌లెస్‌దే పైచేయి. మన దేశంలో 865-868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. తక్కువ బ్యాటరీతో దూరం పోయే లోరా పరికరాలు అక్కడే నడుస్తాయి. బెంగళూరు కంపెనీ స్మార్టర్ హోమ్స్ అపార్ట్‌మెంటుల్లో ప్రతి నీటి దారికీ ఒక వైర్‌లెస్ మీటరు బిగించే పద్ధతిలో పనిచేస్తుంది. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పరిశోధకులు ఇంకో దారి చూపించారు. పాత మీటరును పీకనక్కర్లేదు, దాని మొహం మీద చిన్న కెమెరా బిగిస్తే అది అంకెల్ని ఫొటో తీసి చదివి పంపుతుంది. మీటరు మార్చలేని పాత కనెక్షన్లకు ఇది మంచి ఉపాయం.

అయితే డక్టు గోడలు, ఇనుప తలుపులు, బేస్‌మెంట్ సంపు గదులు రేడియోకు శత్రువులు. బ్యాటరీ ఎప్పటికైనా అయిపోతుంది. కాబట్టి కొత్త బిల్డింగుకు తీగ, పాతదానికి గాలి. ఈ విషయంలో పట్టుదలలు అనవసరం.

ఏ మీటరు ఎవరిది?

నలభై మీటర్లు ఒకే లైను మీద కూర్చున్నాయి. పదిహేడో నంబరు మూడో అంతస్తు వంటింటిదా, రెండో అంతస్తు బాత్రూముదా? ఇది తప్పితే ఒకరి నీళ్లకు ఇంకొకరు బిల్లు కడతారు. డక్టులో దూరి సీరియల్ నంబర్లు రాసుకొచ్చిన కాగితం చెమటకు తడిసి, తిరిగొచ్చేసరికి 3 ఏదో 8 ఏదో తెలియదు.

తేలికైన మార్గం నీళ్లనే అడగడం. అందరూ నల్లాలు కట్టేసి ఉండగా ఒక మనిషి 301 వంటింట్లో నల్లా తిప్పుతాడు. ఆ క్షణంలో ఏ మీటరు అంకె కదిలిందో పెట్టె చూస్తుంది. దానికి "301 వంటిల్లు" అని పేరు పెట్టేస్తుంది. తర్వాతి గది. ఒక్క పూటలో నలభై పేర్లూ ఖాయమవుతాయి, ఇంట్లో వాళ్లు కళ్లారా చూస్తారు కాబట్టి రేపు బిల్లు మీద అనుమానమూ ఉండదు.

పెట్టె ఎంత తెలివైనదైనా నల్లా తన పని తాను చేసుకోవాలి. చెయ్యి పెడితే నీళ్లు రావడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ట్యాంకు నిండితే మోటారు ఆపడానికి విదేశంలోని సర్వరు అనుమతి అక్కర్లేదు. నెట్‌వర్క్ పోయినా నీళ్లు ఆగకూడదు, ఇది మొదటి నియమం. రెండోది, నీటి లెక్క ఇంటి గుట్టు కూడా. ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు ఇల్లు తాళమేసి ఉంటుంది, ఇంటికి చుట్టాలెప్పుడొచ్చారు, అన్నీ అందులో తెలుస్తాయి. వ్యక్తిగత సమాచారానికి 2023లో చట్టమే వచ్చింది. గంటగంట లెక్క ఆ ఇంటివాళ్లకు, నెల మొత్తం అసోసియేషన్‌కు, అంతే చాలు.

మూడోది, కంపెనీ మూతపడినా మీటరు మాట్లాడాలి. అందుకే ఎవరి సొంత భాషో కాకుండా ఎం-బస్, మోడ్‌బస్ లాంటి అందరికీ తెలిసిన పద్ధతినే అడిగి తీసుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియా 2018 నుంచి కొత్త అపార్ట్‌మెంటుల్లో ఇంటింటికీ విడి మీటరు తప్పనిసరి చేసింది. అలాంటి నియమం మన దగ్గరికి వచ్చాక గోడలు పగలగొట్టుకోవడం కంటే, వచ్చేలోపే దారి ఉంచుకోవడం మేలు.

ఇల్లు కడుతున్నారా? ఇవి అడగండి

• ప్రతి ప్లంబింగ్ డక్టులోనూ నీళ్ల పైపుకు జానెడు దూరంలో, పై నుంచి కింది దాకా ఒక ఖాళీ పీవీసీ పైపు. లోపల లాగుడు తాడు వేసి ఉంచాలి.

• ప్రతి అంతస్తులోనూ డక్టు తలుపు తీయగానే చేతికందేలా మూత ఉన్న జంక్షన్ బాక్సు. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు వద్దు. తడి సోకని, జెల్ నింపిన కనెక్టర్లు వాడాలి.

• ప్రతి నీటి దారిలో మీటరు పట్టేంత తిన్నని పైపు, దాని ముందు ఒక బాల్ వాల్వు. ఇప్పుడు మీటరు పెట్టకపోయినా చోటు ఉంచాలి.

• ట్యాంకు నుంచి స్టార్టరు దాకా ఒక కేబుల్, సంపు నుంచి ఇంకొకటి. రెండూ పైపులోనే పోవాలి.

• తడి గదుల్లోకి సెన్సరు నల్లాల కోసం 24 వోల్టులకు మించిన తీగ రాకూడదు.

• తీగలన్నీ ఎటు నుంచి ఎటు పోయాయో గీసిన పటం. ఒక ప్రతి ప్యానెల్ తలుపు లోపల అతికించాలి, ఒక ప్రతి అసోసియేషన్ ఫైల్లో ఉండాలి.

వీటిలో దేనికీ విదేశీ సరుకు అక్కర్లేదు. రాణిగంజ్‌లో దొరికే పైపులు, కేబుళ్లు, బాక్సులే. అక్కర్లేక కాదు, అడిగేవాళ్లు లేక ఇవి జరగడం లేదు. మన సైట్లలో ప్లంబరు ఒక నెల వస్తాడు, ఎలక్ట్రీషియన్ ఇంకో నెల వస్తాడు. ఒకరి గోడ ఒకరు పగలగొడతారు. నీళ్ల దారీ తీగ దారీ పక్కపక్కనే పోవాలని వాళ్లిద్దరికీ చెప్పాల్సింది ఇల్లు కట్టించేవాళ్లే. స్లాబు పడకముందు ఒక్క పూట ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి. ఆ పూట అయ్యే ఖర్చు రెండు టీలు. తర్వాత గోడ పగలగొడితే అయ్యే ఖర్చెంతో ఇల్లు కట్టిన ఎవర్నడిగినా చెబుతారు.